సాయిబుగారి రెండు మీటలు

నందిగామలో దస్తావేజులు రాసే సాయిబుగారి కంప్యూటరు ఎంత నిదానమంటే, స్విచ్చి వేసి జగ్గయ్యపేట పోయి టీ తాగొచ్చినా ఇంకా ఆవలిస్తూనే ఉండేది. రిపేర్లు చేసేవాణ్ణి, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఎవరో మహానుభావుడు అక్కర్లేనివన్నీ తీసేసి, బక్కచిక్కించి ఇంటర్నెట్లో పెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తెచ్చి ఎక్కించా. ఇంకేముంది, మీట నొక్కకముందే తెరుచుకుని, "ఏంటాలస్యం?" అన్నట్టు నన్నే చూసింది.

మర్నాడు పొద్దున సాయిబుగారి ఫోను. "ఒకసారి వస్తారాండీ?"

హైవే మీద లారీలన్నిటికీ దుమ్ము తినిపిస్తూ వెళ్లా. చందర్లపాడు రైతు పొలం అమ్ముతున్నాడు. కొనేవాడు, సాక్షులు, అందరూ కూర్చునున్నారు. దస్తావేజు అచ్చు తీసేముందు తెర మీద చూస్తూ పైకి చదివి వినిపించడం సాయిబుగారి పద్ధతి. ఇవాళ నోరు మెదపట్లేదు.

"కొత్త స్పీడుకి మాట పడిపోయిందా సాయిబుగారూ?" అన్నాడు కొనేవాడు.

ఆయన నా చెవిలో, "నేనెప్పుడూ కలిపి నొక్కే ఆ రెండు మీటలు పనిచేయట్లేదండీ. నొక్కితే అక్షరాలు పెద్దవయ్యి, తెర నల్లబడేది" అన్నారు.

భూతద్దం! చూపు ఆననివాళ్ల కోసం సిస్టమ్‌లోనే ఉండే ఏర్పాటు. తీసేసినవాటి జాబితాలో దాని పేరు చూసి, 'ఎవడు వాడతాళ్లే' అనుకున్నవాణ్ణి నేనే. మిరప తోటలో కలుపంటూ మొక్కల్ని పీకేసేవాడు నాకన్నా నయం. తెల్లటి తెర ఆయన కళ్లకి పొగమంచు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదు. తెలిస్తే ఇంకెవరూ ఆయన చేత దస్తావేజు రాయించరు.

"తప్పు నాదండీ! నా నిర్వాకానికి తెర మీద అక్షరాలు చెదిరాయి. శిక్షగా నేనే కూడబలుక్కుని చదువుతా" అని మునేరు అవతలిగట్టుకి వినపడేలా అరిచా.

చదువుతున్నా. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.

"ఆగండి. తూర్పు హద్దు కాలవ అన్నారే? నిన్న రైతు చెప్పింది బండ్ల డొంక. టైపు చేసేటప్పుడు పొరబడ్డాను, దిద్దండి."

"అవునండోయ్, డొంకే!" అన్నాడు రైతు. కొనేవాడు సాయిబుగారి దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

సాయంత్రానికి పాత సిస్టమే మళ్లీ ఎక్కించా. స్విచ్చి వేశా. ఆవలింత మొదలైంది.

"మరీ ఇంత నిదానమైతే ఎలాగండీ?" అన్నా సిగ్గుపడుతూ.

సాయిబుగారు ఆ రెండు మీటల మీద వేళ్లు పెట్టుకుని, తీరిగ్గా కూర్చున్నారు.

"మీరెళ్లి టీ తాగి రండి."