ఎత్తకూడని ఫోన్

2006 జూన్ 12, సోమవారం. పొద్దున్నే నేను ఎత్తిన ఒక ఫోన్ ఒక మనిషిని బెంగళూరు ఆ చివర హొసకోటె నుంచి ఈ చివర మా హెబ్బగోడికి పరుగెత్తించింది.

పక్క గది లక్ష్మక్క బట్టలు ఆరేస్తుంటే ఆమె సెల్ మోగింది. సాయం చేద్దామని ఎత్తాను. "ఏమైందప్పా?" అని అవతల ఆమె భర్త కంగారు గొంతు. నేను జవాబు చెప్పేలోపే కాయిన్ బాక్స్ లైన్ తెగిపోయింది.

అక్క తల పట్టుకుంది. "అయ్యో, ఎందుకెత్తితివి నాయనా! పనికాడికి చేరినాక ఆయన రింగిస్తాడు. నేను ఎత్తకపోతే ఇక్కడ బాగుండామని. ఎత్తితే ఏదో అయిందని!" ఆ నంబరుకి తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఒక్క మాట లేకుండా రెండువైపులా క్షేమ సమాచారం! నా కంప్యూటర్ పాఠాల్లో ఇంత అందమైన సంకేతం ఎక్కడా చదవలేదు. దాన్ని పాడుచేసిందీ నేనే.

మధ్యాహ్నానికి సిమెంటు చేతులతోనే ఆయన వచ్చేశాడు. గుమ్మంలో బియ్యం ఏరుతున్న అక్కను చూసి అక్కడే కూలబడ్డాడు. "ఉండావు కదా" అన్నాడు, అంతే. అక్క నవ్వబోయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మీ ఇళ్లలో మిస్డ్ కాల్‌కి ఏ అర్థాలున్నాయో కింద వ్యాఖ్యల్లో రాయండి. రేపు పొద్దున అక్క సెల్ మోగితే నేను చేతులు కట్టుకుని, ఆగేదాకా వింటాను.