సీతమ్మకు చేరని ఒడిబియ్యం

పొద్దున ఐదున్నరకే ఫోనుకు శుభోదయాలు పంపేవాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఒక గులాబీ, దాని వెనక సూర్యుడు, సూర్యుడి కింద ఒక నీతివాక్యం. ఆ వాక్యం చదివి ఇంతవరకు ఎవరైనా బాగుపడ్డారేమో నాకు తెలియదు. నేనైతే పడలేదు. ఈ గులాబీలు నాకు వచ్చేది 'లంక బ్యాచ్' అనే వాట్సాప్ గ్రూపు నుంచి. ఏడేళ్ల క్రితం మేం పదహారు మందిమి కలిసి శ్రీలంక పోయొచ్చాం. యాత్ర వారంలో అయిపోయింది. గ్రూపు ఇంకా అయిపోలేదు. అందులో ఇల్లందు ఐలయ్య అని ఒకాయన ఉన్నాడు, బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఏడాదికొకసారి గులాబీ మానేసి ఒక మాట రాస్తాడు: "కొండ మీద తిన్న పులిహోర యాదికొస్తుంది. గసుంటిది మళ్ల తినలే." అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడతారు. నేనూ పెడతాను. ఆ రోజు నాకు అన్నం సయించదు.

ఏడేళ్లుగా నేను మోస్తున్న బరువు రెండున్నర కిలోలు. ఇది మాటవరసకు అంటున్నది కాదు, తూచిన బరువు. సారపాకలో కాగితపు మిల్లుకు వచ్చే కర్ర లారీలను కాటా మీద తూచే ఉద్యోగం నాది. టన్నుల దగ్గర ఎప్పుడూ తప్పు రానివ్వలేదు. కిలోల దగ్గర వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలి? మా అత్తమ్మ దగ్గర మొదలుపెడతాను. ఎటు తిరిగినా చివరికి అక్కడికే పోవాలి.

అత్తమ్మది పర్ణశాల. ఆమె నాకు పిల్లనిచ్చిన అత్త మాత్రమే కాదు, సొంత మేనత్త కూడా. అంటే నన్ను రెండు వైపుల నుంచీ తిట్టే హక్కున్న మనిషి. సీతమ్మను ఎత్తుకుపోయింది తమ ఊరి నుంచే అని అక్కడివాళ్ల నమ్మకం. అమ్మవారు చీర ఆరేసుకున్న రాళ్లని యాత్రికులకు చూపిస్తారు. రాళ్ల మీద రంగు చారలుంటాయి. నేను బీఎస్సీ చదివాను కాబట్టి చారలకు వేరే కారణం ఉంటుందని నాకు తెలుసు. అత్తమ్మ వడ్డిస్తున్నప్పుడు మాత్రం తెలియదు.

మిల్లులో నలుగురం కలిసి యాత్రకు పేర్లిచ్చాం. గుళ్లు, కొండలు, సముద్రం, మూడూ ఒకే యాత్రలో అని కరపత్రంలో వేశారు. మోకాళ్ల నొప్పితో అత్తమ్మ మంచం దిగలేని రోజులవి, అందుకని మా ఆవిడ తల్లి దగ్గర ఉండిపోయింది. నేను ఒక్కణ్ణే పోతున్నానని చెప్పడానికి పోతే, అత్తమ్మ పోయేది ఎక్కడికని అడిగి, లంకకు అనగానే లేచి కూర్చుంది.

"మన ఊరి నుంచే గద పోయింది ఆ పిల్ల. ఎత్తుకపోతుంటె ఒక్కలు అడ్డం రాలే. ఇయ్యాల్టిదాక ఒక్కలు పోయి ఎట్లున్నవని అడగలే. నువ్వు పోతున్నవ్. ఉత్త చేతులతోటి పోతవా?"

సీతమ్మ ఎప్పుడో తిరిగొచ్చింది కదా అని నోటిదాకా వచ్చింది. ఆ సంగతి అత్తమ్మకు నాకంటే బాగా తెలుసు. ఆమె లెక్క వేరు. ఆడపిల్ల ఏడ్చుకుంటూ కూర్చున్న చోటికి పుట్టింటి తరఫున ఏదో ఒకటి పోవాలి. పుట్టిల్లు దూరమైతే కనీసం పక్కింటివాళ్ల తరఫున పోవాలి.

మా వైపు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఎండు ఖర్జూరాలు, పోకవక్కలు, రవిక బట్ట. ఆమె అవి అత్తింటికి తీసుకుపోయి వండి అయినవాళ్లకు పెడుతుంది. ఆ సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి, అత్తమ్మ మంచం పక్కన పరిచిన రవిక బట్టలో తలా దోసెడు పోశారు. ఒకావిడ, కోడలు పురిటికి పోయి ఊళ్లో లేదని, ఆమె పేరున ఇంకో దోసెడు పోసింది. మూట కట్టి నా చేతిలో పెట్టారు. ఫోటో తీసుకుని రమ్మన్నారు. విమానాశ్రయంలో ఎవరైనా ఆపి, ఈ బియ్యం ఏమిటని అడిగి ఉంటే నేను బాగుపడేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

ఇక అన్నం సంగతి చెప్పాలి. మా వెంట వంటకు వైరా నుంచి సత్తెన్న అనే ఆయన వచ్చాడు. ఒకడే అంత బియ్యం మోయలేడు కాబట్టి, తలా రెండు కిలోలు పెట్టుకుని రమ్మని యాత్రకు తీసుకుపోయేవాళ్లు ముందే చెప్పారు. మిగతా పదిహేను మంది తెస్తారు కదా, నేనొక్కణ్ణి తేకపోతే ఏమైందని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఆ ఖాళీలో ఆవకాయ పెట్టుకున్నారు. కొలంబోలో సంచులు విప్పితే పదహారు పచ్చడి సీసాలు బయటపడ్డాయి. బియ్యం గింజ లేదు. ఆ పదహారులో ఒకటి నాది.

అన్నం దొరకని దేశం కాదది. హోటళ్లలో లావు బియ్యం అన్నం, కొబ్బరిపాల కూరలు, చక్కగా ఉండేవి. మావాళ్లు మూడేసి సార్లు పెట్టించుకుని తిని, బస్సు ఎక్కి, అన్నం తిని ఎన్నాళ్లయిందోనని నిట్టూర్చేవాళ్లు. క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి చూశాం. దంతం పెట్టెలో ఉంది. పెట్టె చూశాం. "గింత దూరమొచ్చి పెట్టె చూసి పోవుడేనా," అన్నాడు ఐలయ్య. ఆయన బాధ దంతం గురించి కాదని అందరికీ తెలుసు.

నాలుగో రోజు తేయాకు తోటల మధ్య కొండ ఎక్కుతుంటే వాన పట్టుకుంది. ముందు ఎక్కడో మట్టి జారి దారి మూసుకుపోయింది. రోడ్డు పక్కన చిన్న లాడ్జిలో ఆగాం. సరుకుల బండి కూడా అటువైపే చిక్కుకుందట, వాళ్ల దగ్గర టీ, రొట్టె తప్ప ఏమీ లేవు. సత్తెన్న చింతపండు, పల్లీలు, ఎండుమిర్చి, కరివేపాకు ముందేసుకుని, పెళ్లికొడుకు రాని పెళ్లిపందిట్లో పంతులులా కూర్చున్నాడు. "అన్నీ ఉన్నయి సార్, గింజొక్కటే లేదు," అన్నాడు.

నా సంచిలో ఉంది.

ఎందుకు తీశాను? ఏడేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను. ఆకలా? ఆకలైతే రొట్టె ఉంది. ఐలయ్య భార్యకు షుగరు, ఏదో ఒకటి తినకపోతే కళ్లు తిరుగుతాయని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె అప్పటికే నాలుగు రొట్టెముక్కలు తిని హాయిగా నిద్రపోయింది. అసలు సంగతి ఇంకా చిన్నది. చెప్పడానికే సిగ్గేసేంత చిన్నది. అంతమంది దిగాలుగా కూర్చున్న చోట, లేచి నిలబడి, నా దగ్గర బియ్యం ఉన్నాయి అని చెప్పగల ఏకైక మనిషిని నేనే. అలాంటి అవకాశం లారీలు తూచేవాడికి తరచు రాదు.

మూట విప్పి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు ఏరి జేబులో వేసుకున్నాను. బియ్యం తీసుకుపోయి సత్తెన్నకు ఇచ్చాను.

"ఇదేంది సార్, పసుపు ముందే కలిపిన్రు?"

"మా ఇంట్ల గట్లనే."

"మంచిగున్నది. నాకు ఒక పని తప్పింది."

పులిహోర అద్భుతంగా కుదిరింది. ఇది దాచి లాభం లేదు. బయట వాన, లోపల తాలింపు వాసన, నోట్లో పల్లీలు. ఐలయ్య నా భుజం తట్టాడు. నేను ఏరడంలో తప్పిన వక్క ఒకటి ఆయన పంటికి తగిలితే, "జీడిపప్పు జర గట్టిగుంది," అని మర్యాదగా నమిలాడు. ఒడిబియ్యం వండుకోవడానికే కదా, ఎవరు వండితేనేం అని ఒక వాదన ఆ క్షణంలో నా మనసులో మెదిలింది. వినడానికి బాగానే ఉంది. రెండోసారి పెట్టించుకున్నాను.

మర్నాడు దారి తెరిచారు. తర్వాత ఆగేది సీతమ్మ గుడి, ఆమె ఏడ్చుకుంటూ కూర్చుందనే చోట. నా దగ్గర ఒక రవిక బట్ట, జేబు నిండా వక్కలు. దారిలో బస్సు ఆపించి, చిన్న దుకాణంలో బియ్యం కొన్నాను. ఉన్నది ఒకటే రకం, అక్కడివాళ్లు తినే ఎర్ర బియ్యం. సత్తెన్న దగ్గర పసుపు అడిగి తీసుకుని కలిపాను. పసుపు కలిపితే పచ్చబడతాయనుకున్నాను. ఇటుక రంగు వచ్చింది. బీఎస్సీ చదివినవాడికి ఇది ముందే తెలిసి ఉండాల్సింది.

గుడి వాగు పక్కన, కొండ కింద, చాలా అందమైన చోట ఉంది. పూజారి మూట తీసుకుని అమ్మవారి ముందు విప్పి, కుంకుమ ఇచ్చాడు. ఫోటో తీశాను. అమ్మవారి ముఖం వైపు చూడలేదు. ఫోటోలో చూద్దాంలే అనుకున్నాను.

ఆ తర్వాత రెండు రోజులు సముద్రం. ఇసుక, కొబ్బరిచెట్లు, కరపత్రంలో ఉన్నట్టే ఉంది. బతుకంతా భూమి కింద పనిచేసిన ఐలయ్య, ప్యాంటు పైకి మడిచి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడిపోయాడు. నేను మాత్రం కొబ్బరిచెట్టు కింద కూర్చుని, ఫోనులో ఆ ఫోటో రంగు మార్చడానికి తంటాలు పడుతున్నాను. బియ్యం పచ్చబడే కొద్దీ పూజారికి కామెర్లు వచ్చినట్టు కనిపిస్తోంది. చివరికి పూజారి ఆరోగ్యం కోసం వదిలేశాను. సముద్రం ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ బాగుంది అంటాను. చూసినవాళ్లు చెప్పారు.

ఇంటికి రాగానే అత్తమ్మ ఫోటో అడిగింది. ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బియ్యం ఎర్రగున్నయేంది అల్లుడా?"

నా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఏది చెప్పాలో తేల్చుకునే లోపల ఆమే చెప్పుకుంది.

"అమ్మ చెయ్యి పడ్డది. ముట్టినయన్నట్టు. కుంకుమైనయి సూడు."

నేను అవునన్లేదు. కాదనీ అన్లేదు. ఊరుకున్నాను. తిన్నది తప్పా, ఎర్ర బియ్యం పెట్టింది తప్పా, ఊరుకున్నది తప్పా? తినడం ఒక పూటతో అయిపోయింది. ఊరుకోవడం ఏడేళ్లు నడిచింది.

ఆ ఫోటో పెద్దది చేయించి, అద్దం కట్టించి గోడకు పెట్టారు. దోసెడు పోసినవాళ్లు వచ్చి, ఇందులో తమ గింజలు ఏవో వెతుక్కున్నారు. దుమ్ముగూడెం నుంచి, చర్ల నుంచి చుట్టాలు వచ్చి చూసిపోయేవాళ్లు. అత్తమ్మ ప్రతిసారీ కథ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ, సాక్షిగా నా వైపు చూసేది. నేను గోడ వైపు చూసేవాణ్ణి.

ఇలాగే గడిచిపోయేది. కానీ నిరుడు అత్తమ్మ రెండు మోకాళ్లూ మార్పించుకుంది. ఈ ఏడు, వాడకట్టు నుంచి ఇరవై మంది ఆడవాళ్లు లంకకు బయలుదేరుతున్నారు. పాస్‌పోర్టులు వచ్చాయి. ఎవరి ఒడిబియ్యం వాళ్లే తీసుకుపోతారు. ముందు నడిచేది అత్తమ్మ. తన బియ్యం ఎర్రబడుతుంటే కళ్లారా చూడాలని ఒక్కొక్కరూ ఎదురుచూస్తున్నారు. పురిటికి పోయిన ఆ కోడలు, ఇప్పుడు ఏడేళ్ల కూతురి పేరున కూడా మూట కడుతోంది.

అప్పుడు తెలిసింది నాకు, నేను తిన్నది ఎంతో. వాళ్లు తీసుకుపోయే బియ్యం ఎర్రబడవు. ఇరవై మంది ఆడవాళ్లు ఆ వాగు ఒడ్డున పచ్చటి బియ్యం ముందు నిలబడి, సీతమ్మ తమవి ముట్టలేదని ఏడుస్తారు. లేకపోతే ఏడేళ్లు కథ చెప్పిన మనిషి వైపు తిరుగుతారు. ఆమెకు చెప్పడానికి జవాబు ఉండదు. జవాబు నా దగ్గర ఉంది.

పోయిన ఆదివారం పొద్దున పర్ణశాల పోయాను. అత్తమ్మ వాకిట్లో చాట ముందేసుకుని, లంకకు తీసుకుపోయే బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. పదహారు పచ్చడి సీసాలు, వాన, సత్తెన్న, ఎర్ర బియ్యం, అన్నీ. రెండోసారి పెట్టించుకున్న సంగతి కూడా చెప్పాను, చెప్పాల్సిన అవసరం లేకపోయినా. చెబుతున్నకొద్దీ నాకు తేలికైంది. ఆమె ముఖం చూస్తూ అంత తేలికపడటం న్యాయం కాదని తెలుస్తూనే ఉంది, అయినా తేలికైంది. నన్ను క్షమించమని అడగలేదు. అడిగితే, ఆ పని కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుంది.

అత్తమ్మ చాట పక్కన పెట్టింది. లోపలికి పోయి గోడ మీది ఫోటో దించి తెచ్చింది. కొత్త మోకాళ్లతో మెల్లగా కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, అద్దం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదత్తా."

ఇంకాసేపు తుడిచింది. తర్వాత నా వైపు చూసింది.

"ఎత్తుకపోయినోడన్న ఆ పిల్లను అన్నం తినమని బతిలాడిండు. నువ్వు ఆ పిల్ల నోటికాడి అన్నం తినొచ్చినవ్."