ఎనుము కాదు పెద్దనాయనా, ఖడ్గమృగం!

ఆ రోజుల్లో నాకొక గుణం ఉండేది. ఎవరైనా ఒక పని వద్దంటే చాలు, అప్పటిదాకా లేని సత్తువ కాళ్లలోకి దిగేది. (ఆ రోజులంటే మరీ అవ్వల కాలం కాదు, బస్సులో కూర్చుని ఫోన్లో వీడియోలు చూసే కాలమే.) ఇల్లు ఎమ్మిగనూరు, ఉద్యోగం ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడం. ఓ సాయంత్రం బడి నుంచి బస్సులో వస్తూ ఫోన్లో ఒక వీడియో చూశాను. అస్సాంలో ఎక్కడో ఎత్తయిన గడ్డిలో ఒక ఖడ్గమృగం పడి ఉంది. దాన్ని చంపి కొమ్ము కోసుకుపోయారు. పక్కన దాని పిల్ల, లే లే అన్నట్టు తల్లి పొట్టను ముట్టెతో నెడుతోంది. ఎమ్మిగనూరు వచ్చింది, అందరూ దిగిపోయారు, నేను మాత్రం అట్లే కూర్చున్నాను. "ఏం పాపా, కర్నూలుకు టికెట్టు కొట్టేదా?" అని కండక్టరు అడిగితే తప్ప నా కళ్లు తడిగా ఉన్న సంగతి నాకే తెలియలేదు.

ఆ వీడియో పెట్టింది హైదరాబాదులోని ఒక సంస్థ. ఎవరి ఊరి నుంచి వాళ్లు సైకిలు మీద బయలుదేరి, దారి పొడవునా చందాలు అడుగుతూ హైదరాబాదు జూ దాకా రావాలట. ఆ డబ్బుతో అస్సాం అడవిలో కాపలా కాసేవాళ్లకు వాన బూట్లు, టార్చిలైట్లు కొనిపెడతారట. రాత్రి అన్నం తినకముందే పేరు ఇచ్చేశాను, తిన్న తర్వాత ఇంట్లో చెప్పాను. మా నాయన మగ్గం మీద కూర్చుంటే మాట్లాడే మనిషి కాదు, దిగినా మాట్లాడే మనిషి కాదు. ఇంటిల్లిపాది తరఫునా మాట్లాడేది పక్కింట్లో ఉండే మా పెద్దనాయన. ఆయన్ను పిలిపించారు.

"యాడికి?" అన్నాడు.

"హైదరాబాదుకు, సైకిలు మీద. ఖడ్గమృగాల కోసం."

"అవి హైదరాబాదులో ఉండాయా?"

"అస్సాంలో ఉండాయి."

"మరి హైదరాబాదుకు ఎందుకు పోతాండావు?"

జవాబుకు బదులు ఫోను తీశాను.

ఖడ్గమృగమంటే ఏమిటో ఫోన్లో చూపించాను. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూసి, "ఒంటికొమ్ము ఎనుము" అని తేల్చేశాడు (మా వైపు గేదెను ఎనుమే అంటాం). అంతటితో ఆగితే నవ్వుకునేదాన్నే. కానీ గొంతు తగ్గించి, "మగ్గాలు మూలబడి మనోళ్లు మూటలు మోసేకి పోతాండారు. మనకు సందా ఎత్తినోడు ఒక్కడు లేడు. నువ్వు యాడనో ఉండే ఎనుముకు ఎత్తుతావా?" అన్నాడు. అందులో అబద్ధం లేదు కాబట్టే నాకు మరీ కోపం వచ్చింది. "జాలి ఏమన్నా రేషను బియ్యమా పెద్దనాయనా, వాటికి పెడితే మనకు తగ్గిపోయేకి?" అన్నాను. "నువ్వు పోతే ఈ ఇంటి గడప తొక్కను" అన్నాడు. "తొక్కొద్దులే" అన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. మూల కూర్చున్న మా అవ్వ మాత్రం, "ఆ ఒంటికొమ్ముది పాలిస్తాదా?" అని అడిగింది. ఇవ్వదన్నాను. "పాపం" అంది. ఆ పాపం దేనికో ఇప్పటికీ తెలియదు.

ఇక సైకిలు సంగతి. హైస్కూల్లో గవర్నమెంటు వాళ్లు ఆడపిల్లలకు ఇచ్చిన సైకిలే నాకున్నది, ముందర బుట్ట, వెనక క్యారియరు. దాన్ని బస్సు మీద వేయించుకుని ఆదోనిలో మా బడి పక్కన సైకిలు షాపు చాచా దగ్గరికి తీసుకుపోయాను. చాచా దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బేటీ, ఇది ఎమ్మిగనూరు దాకా పోతే అల్లా దయ" అన్నాడు. పోతుంది చాచా అంటే, "నువ్వు పోతావు, సైకిలు పోదు" అన్నాడు. అయినా టైర్లు మార్చి, చైనుకు నూనె పెట్టి, అడక్కుండానే రెండో బెల్లు కూడా బిగించాడు. రెండెందుకన్నాను. "బ్రేకు పడకపోతే రెండూ కొట్టు, జనమే తప్పుకుంటారు" అన్నాడు. నేను అట్టముక్కతో పెద్ద కొమ్ము చేసి, బూడిదరంగు పూసి, బుట్టకు ముందర కట్టుకున్నాను. పక్కన ఖడ్గమృగం బొమ్మ అతికించిన చందా డబ్బా.

ఒక్క సంగతి మాత్రం నేను ఆలోచించలేదు. అవి ఎలక్షన్ల రోజులు. బయలుదేరిన రోజు పొద్దున్నే చాచా షాపు నుంచే సైకిలెక్కి, ఆదోని పత్తి మార్కెట్టు దగ్గర ఆపి డబ్బా పట్టుకున్నానో లేదో, "ఏం పార్టీమ్మా ఇది?" అన్నాడొక హమాలీ. పార్టీ కాదన్నా, జంతువన్నా, చచ్చిపోతున్నాయన్నా. "అన్ని పార్టీలూ అట్లే సెప్తాయిలే" అని తలూపాడు. టీ బంకు దగ్గర ఒకామె, "ఆడమనిషి నిలబడింది, ఈసారి మన ఓటు దీనికే" అని పక్కామెకు గట్టిగా చెప్పింది. ఒక ముసలాయన డబ్బాలో చిల్లర వేసి, "గెలిస్తే మా వీధికి నీళ్లు మర్చిపోవద్దు" అన్నాడు. మొదట్లో ప్రతివాళ్లకూ అస్సాం గురించి చెప్పాను. దారిలో పత్తి లారీల వెనక పడి, చెమట మీద దూది అంటుకుని, నేనే సగం గొర్రెనయ్యాక, "అట్లే అన్నా" అనడం మొదలుపెట్టాను.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర మాత్రం ఇద్దరు కండువాల కుర్రాళ్లు సైకిలుకు అడ్డం నిలబడ్డారు. "ఎవరు నిలబెట్టినారు నిన్ను? ఎవరి ఓట్లు చీల్చేకి?" అన్నాడొకడు. నేను చెప్పేది వాళ్లు వినలేదు. రెండోవాడు కొమ్మును పీకి నలిపి రోడ్డు మీద పారేశాడు. "ఆడపిల్లవని ఊరుకుంటాండాం, ఇంటికి పో." ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. చుట్టూ జనం మూగారు. స్టాండు వేశాను. కొమ్ము ఏరుకుని, సాగదీసి, మళ్లీ బుట్టకు కట్టాను. "పోను" అన్నాను. గట్టిగా అనాలనుకున్నా, పిల్లి కూతలా వచ్చింది. మొదటివాడు హ్యాండిలు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యప్పా."

చూస్తే మా పెద్దనాయన. మోపెడ్ మీద ముందొక నూలు మూట, వెనకొక మూట, మధ్యలో ఆయన.

"మీ పిల్లనా పెద్దాయనా? పిచ్చా ఏమన్నా?" అన్నాడు వాడు.

"పిచ్చిదే. ఆ మాట అనేకి మేముండాం. నువ్వెవురు?"

వాడు హ్యాండిలు వదిలేశాడు. పెద్దనాయన జనం వైపు తిరిగి, "ఇది పార్టీ కాదు, గీర్టీ కాదు. ఎనుము!" అని అరిచాడు. "ఖడ్గమృగం, పెద్దనాయనా" అన్నాను. "నోర్ముయ్" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులో కండువాలు ఎటు జారుకున్నాయో చూడలేదు. ఆయన మోపెడ్ తిప్పుకున్నాడు, ఇంటివైపేమో అనుకున్నాను. కానీ గోనెగండ్ల దాకా నా వెనకాలే, నూలు మూటలతో సహా, ఏదో తన పని మీద పోతున్నట్టు మోపెడ్ నడిపాడు. నేను ఆగితే ఆయనా ఆగి, బాగానే ఉన్న మోపెడ్ చక్రాన్ని వంగి పరీక్షించేవాడు. గోనెగండ్లలో నేను నీళ్లు తాగి తిరిగి చూసేసరికి లేడు.

కర్నూల్లో మిగతా సైకిలు జనం కలిశారు. సన్నటి టైర్లు, రంగురంగుల హెల్మెట్లు. "మీది ఏ మోడలండీ?" అని ఒకాయన మర్యాదగా అడిగాడు. "గవర్నమెంటు మోడలు" అన్నాను అంతే మర్యాదగా. ఎదురుగాలిలో, జడ్చర్ల ఎండలో, చైను ఊడిన ప్రతిసారీ నల్లచేతులతో నన్ను నేను తిట్టుకుంటూ, అందరికన్నా చివర హైదరాబాదు చేరాను. చేరడమైతే చేరాను. సైకిలు తోసుకుంటూ నేరుగా జూలో ఖడ్గమృగం దగ్గరికి పోయాను. అది బురదలో అటు తిరిగి పడుకుని ఉంది. పిలిచాను, రెండు బెల్లులూ పోటీ పడి కొట్టాను (కాపలాయన తిట్టాడు). చెవి ఒకటి కదిలింది, అంతే. అక్కడే కటకటాలకు ఆనుకుని కూలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. అప్పుడే నా ఫోను మోగింది, నంబరు నాయనది, గొంతు పెద్దనాయనది.

"సూసినావా?"

"సూసినా. వెనకపక్కే సూపించింది."

"అంత దూరం పోతే మొగం సూపియ్యలేదా? దానికి నీకన్నా పొగరు" అన్నాడు.

తిరిగొచ్చాక ఆయన అన్న మాట మీదే నిలబడ్డాడు. రోజూ వచ్చి అరుగు మీదే కూర్చుని, కాఫీ తాగి, ప్రపంచాన్నీ నన్నూ తిట్టి, గడప అవతలి నుంచే వెళ్లిపోయేవాడు. అస్సాం కాపలావాళ్లు కొత్త బూట్లతో దిగిన ఫోటో వస్తే కిటికీలోంచి చూపించాను. "బూట్లు బాగుండాయి" అన్నాడు. తర్వాత అవ్వకు జ్వరమొచ్చిన రోజు, మాత్రలు పట్టుకుని గబగబా లోపలికి వచ్చేశాడు. పంతం సంగతి ఆయనకు గుర్తులేదు. మాకు గుర్తుంది, కానీ ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నేను చాలా తెలివైన మనిషిని. ఏ పనికైనా ముందు ఖర్చు, తర్వాత మోకాళ్లు, ఆ తర్వాతే మనసు. ఎవరైనా వచ్చి ఇట్లాంటి పని చేస్తానంటే, దానివల్ల ఏం లాభమని పెద్దమనిషిలా అడుగుతున్నాను. ఆనాటి ఆ పిల్లే ఇప్పుడు నా ఎదుటికొచ్చి పోనా వద్దా అని అడిగితే, వద్దనే చెప్తాను. అది వినదు. వినదని తెలిసే చెప్తాను.