ఇంకోసారి బాబాయ్ బెల్టులు

ఈ లోకంలో కట్టినదేదీ నిజంగా కట్టి ఉండదని మా బాబాయ్ నమ్మకం. నాకు సొంత బాబాయ్ కాదు, మా షెడ్డులో అందరికీ బాబాయే. ఏ ముడి కనపడినా గట్టిగా లాగి చూస్తాడు. "బాగానే ఉంది. అయినా ఇంకోసారి చూద్దాం" అంటాడు. అందుకే ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయి, ఇంకోసారి బాబాయ్ అని ఖాయం చేసేశారు.

మా పని గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. కొత్తగా వేస్తున్న రోడ్డుకు నీళ్ళు మొయ్యాలి. జీపు వెనక ట్రెయిలరు, దాని మీద మనిషెత్తు నల్ల ట్యాంకు. నడపడం నా వంతు, కట్టడం బాబాయ్ వంతు. ట్యాంకు కింద రబ్బరు పరుస్తాడు. పక్కకు జరగకుండా చుట్టూ చెక్కదిమ్మలు బిగిస్తాడు. పైనుంచి బెల్టులు ఐమూలగా వేసి, పిడి నొక్కి నొక్కి లాగుతాడు. ఆ తర్వాత బెల్టును వేలితో మీటి, దానికి చెవి ఆనించి విని, కచేరీకి వచ్చినవాడిలా తల ఊపుతాడు. నేను స్టీరింగు మీద గడ్డం ఆనించి, ఈ కచేరీ ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తూ ఉంటాను.

"బాబాయ్, సగం నింపుకుని పోదామా? బరువు తగ్గుతుంది" అని ఒకసారి అన్నాను.

"నింపితే నిండా నింపు, లేదా ఖాళీది పట్టుకుపో. సగం నీళ్ళు మలుపు దగ్గర మన మాట వినవురా" అన్నాడు. ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. కళ్ళజోడుకు తాడు, గొడుగుకు తాడు, అన్నం క్యారేజీకి సైకిల్ ట్యూబు. "ఈయన కట్టిన క్యారేజీ విప్పేసరికి ఆకలి చచ్చిపోతుంది నాయనా" అని పిన్ని నాతో మొరపెట్టుకుంటుంది. ఒకసారి ఆయన సైకిలెత్తుకుపోదామని ఓ దొంగ మధ్యాహ్నం ముళ్ళు విప్పడం మొదలుపెట్టాడట. సాయంత్రం బాబాయ్ వచ్చేసరికి ఇంకా విప్పుతూనే ఉన్నాడట. "ఎడమది ముందు విప్పాలి నాయనా" అని ఈయన దగ్గరుండి నేర్పి, మంచినీళ్ళిచ్చి పంపాడట. దొంగ దండం పెట్టి వెళ్ళాడని బాబాయ్ చెబుతాడు. నేను నమ్ముతాను.

షెడ్డులో ఎన్నిసార్లు చూసుకున్నా నాకు బాధ లేదు. నా ప్రాణం తీసింది దారిలో ఆపడం. మా ఇంట్లో నెలల పాప ఉంది. పగలంతా హాయిగా పడుకుని, రాత్రంతా ఇల్లు ఏలుతుంది. నా ఒళ్ళు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. త్వరగా చేరితే, అక్కడ ట్యాంకు ఖాళీ అయ్యేలోగా ఓ కునుకు తీయొచ్చని నా ఆశ. నేనలా ఆవులిస్తూ పోతుంటానా, పక్కనుంచి కేక.

"ఆపరా! బెల్టు సడలింది!"

"ఇప్పుడేగా చూశాం బాబాయ్!"

"ఇంకోసారి చూద్దాం. నువ్వూ దిగు. ఆ పక్క పట్టుకో. అలాగే ట్యాంకు కుళాయి తిప్పి ముఖం మీద పోసుకుని చూడు, నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో."

"నీళ్ళు చల్లగా ఉంటే ఏమిటి, వేడిగా ఉంటే ఏమిటి? పోసేది రోడ్డు మీద కదా!"

"రోడ్డుకి మాత్రం ప్రాణం లేదా? పోసుకోరా!"

పోసుకునేవాణ్ణి. బెల్టు ఏనాడూ వెంట్రుకవాసి సడలలేదు. మళ్ళీ ఎక్కడం, మళ్ళీ కాస్త దూరం, మళ్ళీ కేక. అక్కడ రోడ్డు మేస్త్రి నీళ్ళ కోసం ఎదురుచూసి చూసి యజమానికి ఫోను చేయడం, యజమాని మా మీద పడడం రోజూ జరిగేదే. "నా తప్పే సార్. బెల్టు మీద అనుమానం" అని బాబాయ్ తలవంచుకునేవాడు. నాకు విసుగొచ్చి ఓదార్చే ఓపిక కూడా ఉండేది కాదు.

చివరికి యజమాని తేల్చేశాడు. "రేపు నేనే నడుపుతాను. ఈ బెల్టు సంగతేమిటో కళ్ళారా చూస్తాను. ఊరికే ఆపుతున్నావని తేలిందా, పెద్దాయనా, ఎల్లుండి నుంచి షెడ్డులో కూర్చుని బోల్టులు ఏరుకో."

బాబాయ్ ముఖం వాడిపోయింది. ఆ ట్యాంకు కట్టకపోతే ఆయనకు తెల్లారినట్టే ఉండదు.

మర్నాడు యజమాని స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్క సీట్లో, బాబాయ్ వెనక సీట్లో. కొలనులో రాయి పడ్డట్టు, ఎక్కడమే తరువాయి నేను నిద్రలోకి పడిపోయాను.

మెలకువ వచ్చేసరికి జీపు ఆగి ఉంది. ఎదురుగా రోడ్డు మేస్త్రి, చాలా రోజుల తర్వాత నవ్వు ముఖంతో. లేవబోయాను, కదలలేకపోయాను. మెడ వెనక మడతపెట్టిన తువ్వాలు. ఛాతీ మీదుగా, పొట్ట మీదుగా ఐమూలగా రెండు బెల్టులు. ట్యాంకును కట్టినట్టే నన్ను సీటుకు కట్టి పడేశాడు బాబాయ్.

యజమాని వెనక్కి తిరిగి అరుస్తున్నాడు. "దారిలో ఒక్కసారైనా ఆపమనలేదే! నిన్నా నువ్వే కట్టావు, ఇవాళా నువ్వే కట్టావు. అంటే ఇన్నాళ్ళూ ఊరికే ఆపించావన్నమాట!"

"ఇవాళ గట్టిగా ఉంది సార్" అన్నాడు బాబాయ్, నా వైపు చూడకుండా.

అప్పుడు వెలిగింది నాకు. ఆయన ఆపమన్నప్పుడల్లా నా నోరు ఆవులింతతో తెరుచుకునే ఉండేది. సిగ్గేసింది, ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది. దిగి కాళ్ళకు దండం పెడదామంటే బెల్టులు వదలలేదు.

"సడలింది బెల్టు కాదు సార్, నేను. రాత్రిళ్ళు పాప నిద్రపోనివ్వదు. నా కళ్ళు మూతపడబోతుంటే ఈయన బండి ఆపిస్తున్నాడు" అన్నాను, కట్టి ఉన్నచోటినుంచే.

యజమాని నన్ను చూశాడు, బెల్టులను చూశాడు.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా పెద్దాయనా?"

"చెబితే వీణ్ణి బండి దింపేస్తారు సార్. బెల్టుని తిడితే ఏం పోయింది? దానికి పెళ్ళామా, పిల్లలా?"

యజమాని నా మీదికి వంగి, ఆ పిడీ ఈ పిడీ నొక్కి, చెమటలు కక్కి, "ఇది ఊడి చావదేమిటయ్యా?" అన్నాడు.

"ఎడమది ముందు సార్" అన్నాడు బాబాయ్.

నన్ను వారం పాటు ఇంటికి పంపి, ఆ వారమూ తనే నడుపుతానన్నాడు యజమాని. జీతం కోయనని కూడా అన్నాడు. పాపను ఒళ్ళో వేసుకుని కునుకుతుండగా, రెండో రోజు మధ్యాహ్నం ఆయన దగ్గరనుంచి ఫోను.

"ఏమయ్యా, మీ బాబాయ్ నన్ను కూడా ఆపేస్తున్నాడు!"

"మీరు ఆవులించారా సార్?"

ఫోనులో, ఆయన వెనక ఎవరో బెల్టు మీటుతున్న చప్పుడు వినిపించింది.

"భోజనం కాస్త ఎక్కువైంది" అన్నాడు చివరికి.

"అయితే ముఖం మీద పోసుకోండి సార్. నీళ్ళు చల్లగానే ఉంటాయి."