బండి పోయినా బాకీ పోలేదు

రత్నానికి నలభై నాలుగేళ్లు. అందులో ఇరవై ఏళ్లు వేరేవాళ్ల బండ్లు తోలడంలోనే గడిచిపోయాయి. కాపురం అవనిగడ్డలో. గుడివాడ చేపల వ్యాపారి పిచ్చేశ్వరరావు గారి దగ్గర ట్రక్కు ఆటో డ్రైవరు. తెల్లారేసరికి కోడూరు చెరువుల గట్టు మీద రొయ్యల ట్రేలు ఎక్కించుకుని, ఐసు కరిగేలోపు చల్లపల్లి, కూచిపూడి, పామర్రు దాటి గుడివాడ చేరాలి. గుంతలూ మలుపులూ చేతులే చూసుకునేవి. మనసు మాత్రం ఒక్కచోటే తిరిగేది: ఈ బండి నాదైతే ఎంత బాగుండు.

ముక్తార్‌ది బందరు. గిలకలదిండి రేవు నుంచి సముద్రం చేపలు అదే షావుకారుకి తోలేవాడు. సరుకు దించే చోట మొదలైన పరిచయం స్నేహమైంది. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. 2015లో ఒకే రోజు, ఒకే ఫైనాన్స్ కంపెనీలో అప్పు రాయించుకుని చెరో మోటారు సైకిలు కొన్నారు.

మరుసటేడు చివర్లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. చేపల బేరాలు పడిపోయాయి. ఇద్దరికీ వాయిదాలు తప్పాయి. కంపెనీ మనుషులు ఇళ్ల మీదికి రావడం మొదలుపెట్టారు. ముక్తార్ తన భార్య లతీఫా చెవుల కమ్మలు బ్యాంకులో పెట్టి, తప్పిన వాయిదాలు జరిమానాతో సహా కట్టాడు. తర్వాత మిగిలినవీ తీర్చాడు. రత్నం అది చూసి నవ్వాడు.

"పిచ్చోడివా బావా? పెళ్లాం చెవులు బోడి చేసి కడతావా? బండి వాళ్ల మొహాన పడేస్తే పోలా!"

తను అలాగే చేశాడు. తాళం అడిగితే ఇచ్చేశాడు. వాళ్లు చూపించినచోట సంతకం పెట్టాడు. బండి పోయింది, గొడవ వదిలింది అనుకున్నాడు. తర్వాత ఇంటికి రెండు ఉత్తరాలొచ్చాయి. విప్పి చూడలేదు. ఏడేళ్లయితే అలాంటివన్నీ రికార్డులోంచి వాటంతటవే పోతాయని టీకొట్టు దగ్గర ఎవరో అంటే గట్టిగా నమ్మాడు.

2024లో, ఆ ఏడేళ్లూ గడిచాయన్న ధైర్యంతో, సొంత ట్రక్కు ఆటో కోసం బందరులో ఒక బ్యాంకుకి వెళ్లాడు. తోడుగా వచ్చిన ముక్తార్ కూడా అక్కడే తన దరఖాస్తు ఇచ్చాడు. పదకొండు రోజులకి ముక్తార్‌కి అప్పు మంజూరైంది. రత్నానికి ఫోనొచ్చింది. "మీ సిబిల్ స్కోరు సరిపోలేదండి" అని పెట్టేశారు.

ముక్తార్ కొత్త బండి గుడివాడ వచ్చిన రోజు డ్రైవర్లందరూ దాని చుట్టూ మూగారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. అద్దానికి మల్లెపూల దండ. ముక్తార్ అందరికీ జిలేబీ పంచుతూ రత్నం దగ్గరికొచ్చి, "నువ్వే ముందు కూర్చోవాలి బావా, రా" అన్నాడు.

రత్నం కూర్చున్నాడు. స్టీరింగు మీద చెయ్యి వేశాడు. కొత్త రెక్సిన్ వాసన ముక్కుకి తగలగానే చెయ్యి తీసేశాడు. "బాగుంది బావా" అని దిగిపోయాడు. చేతిలోని జిలేబీ గోడ పక్కన కుక్కకి వేశాడు.

ఆ రోజు నుంచి ఆ బండి వదలకుండా అతని కళ్లలోనే తిరిగింది. ఎదురొచ్చి ముక్తార్ హారన్ కొడితే, తనని వెక్కిరించడానికే కొట్టాడనిపించేది. ముక్తార్‌కి కిరాయి దొరికిందంటే అన్నం సహించేది కాదు. రాత్రి పెద్ద వాన పడితే, గిలకలదిండి రోడ్డు మీద ఆ బండి దిగబడితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. మళ్లీ అనుకున్నాడు. అన్నిటికన్నా మంటపెట్టేది ఒక్కటే: ఇద్దరం ఒకే చోట ఒకే ఏడాది వాయిదాలు ఎగ్గొట్టాం, వాడికెలా ఇచ్చారు?

నెల తిరక్కుండా మళ్లీ ఆ బ్యాంకుకే వెళ్లాడు. అప్పుల విభాగం చూసే వసుంధర గారి ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించాడు.

"మేడమ్, ముక్తార్ అని మీరు బండికి అప్పిచ్చారే, అతను కూడా మోటారు సైకిలు బాకీ పెట్టినోడేనండి. నేను కళ్లారా చూశాను. మీకు తెలియాలని చెప్తున్నాను."

ఆవిడ కంప్యూటరులో రత్నం పేరు కొట్టింది.

"వేరేవాళ్ల ఖాతా సంగతి మీతో మాట్లాడకూడదండి. మాకు మాత్రం ఎవరి పాత అప్పయినా ముందే కనిపిస్తుంది. వాయిదా తప్పారా, తర్వాత పూర్తిగా కట్టారా, ఆ తర్వాత నడవడి ఎలా ఉంది, అన్నీ. అది పక్కన పెట్టండి. మీ రిపోర్టు మీరెప్పుడైనా చూసుకున్నారా?"

"నాదేముంది మేడమ్? బండి వాళ్లే తీసుకుపోయారుగా. ఏడేళ్లు కూడా దాటింది."

"తీసుకెళ్లి వేలం వేశారు. వచ్చిన డబ్బు అప్పుకి చాలలేదు. పంతొమ్మిది వేలు తగ్గింది. వడ్డీతో ఇప్పుడు నలభై ఏడు వేలయింది. కట్టేసిన అప్పయితే ఏళ్లు గడిచేకొద్దీ పాతబడుతుందండి, దాని బరువు తగ్గుతుంది. మీది ఇంకా తీరనే లేదు. ఇన్నేళ్లుగా నెలనెలా బాకీ ఉందని, అందరి అప్పుల లెక్కా ఉంచే సిబిల్‌కి వాళ్లు చెబుతూనే ఉన్నారు. ఇంక పాతబడేదెక్కడ?"

తొమ్మిది వందలకి స్కోరు ఐదు వందల డెబ్బై ఒకటి అని కాగితం మీద రాసిచ్చింది. రత్నం దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముక్తార్‌ది ఎంతో అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఇంట్లో భార్య ప్రేమమ్మకి చెప్పాడు. ముక్తార్ మీద చెప్పొచ్చిన సంగతి కూడా దాచలేకపోయాడు. ఆమె కూర కలుపుతున్న గరిటె ఆపింది.

"లతీఫా కమ్మలు తీసిచ్చిన రోజు మీరు నవ్వారు. ఇప్పుడు ఆళ్ల కూట్లో మట్టి కొట్టబోయారు. ఏం మనిషండీ మీరు?"

మర్నాడు రత్నం పాత ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు హుషారుగా, "ఇరవై రెండు వేలు కట్టండి సార్, సెటిల్ చేసేస్తాం" అన్నాడు. రత్నం ఆశపడ్డాడు. అయినా ఒకసారి వసుంధర గారిని అడిగాడు. అలా కడితే రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుందని, పూర్తిగా కట్టలేదనే అప్పిచ్చేవాళ్లు అర్థం చేసుకుంటారని ఆవిడ చెప్పింది. ముక్తార్ పూర్తిగా కట్టాడు. రత్నానికి ఆ ఒక్క మాట చాలింది. సగం కట్టి వాడికన్నా తక్కువ అనిపించుకోవడం కన్నా చావడం నయమనిపించింది. షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆదివారాలు చర్చి మానేసి అదనపు కిరాయిలు తోలి, ఐదు నెలల్లో నలభై ఏడు వేలూ కట్టాడు. బాకీ లేదని ఉత్తరం రాయించుకున్నాడు.

ఆ వారంలోనే పామర్రు దగ్గర షావుకారు బండి ఆగిపోయింది. వెనకాల రొయ్యలు, మీద ఎండ. గుడివాడలో సరుకు దించి బందరు తిరిగి వెళ్తున్న ముక్తార్ చూసి ఆగాడు. ట్రేలన్నీ తన బండిలోకి మార్చుకుని, రత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ గుడివాడ వైపు తిప్పాడు.

"ఏంటి బావా, ఈ మధ్య మొహం చాటేస్తున్నావ్? బ్యాంకు పనైతే చెప్పు. నేనొచ్చి మేడమ్‌తో మాట్లాడతా."

ఆ మంచితనం రత్నానికి భరించరానిదైంది. తను పాడు చేయబోయినవాడు తనకి సాయం చేస్తానంటున్నాడు.

"నేనే మాట్లాడి వచ్చాను. నువ్వు ఎగ్గొట్టినోడివని నీమీద చెప్పి వచ్చాను" అనేశాడు.

ముక్తార్ గేరు మార్చాడు. గుడివాడ చేరేదాకా రోడ్డు వంకే చూశాడు. సరుకు దించాక కిరాయి ఎంతో ఎప్పుడూ లెక్కచూడనివాడు, ఆ రోజు రూపాయితో సహా అడిగి తీసుకున్నాడు. టీకి కూడా ఆగలేదు. అప్పటినుంచి ఏడాదికి పైగా రత్నంతో మాట్లాడలేదు. సరుకు దించేచోట ఇద్దరూ పక్కపక్కనే నిలబడేవారు, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ.

డబ్బు కట్టిన రెండు నెలలకి రత్నం స్కోరు చూసుకున్నాడు. ఐదు వందల తొంభై. అంత కష్టానికి పంతొమ్మిదే పెరిగిందా అని ఫోను మంచం మీదికి విసిరాడు. వసుంధర గారి సలహా మీద ప్రేమమ్మ గొలుసు పెట్టి చిన్న బంగారం అప్పు తీసుకుని, నెలనెలా చెప్పిన తేదీకి కట్టుకుంటూ వచ్చాడు. అంకె పాకుతూ పాకుతూ, ఏడాది దాటేసరికి ఆరు వందల అరవై ఎనిమిది అయింది. బ్యాంకు అప్పటికీ ఇంకొన్నాళ్లు ఆగమంది. గుడివాడలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ వాళ్లు మాత్రం పాత బండి కొనడానికి అప్పిచ్చారు. వడ్డీ ఎక్కువ. తలుపు మీద పాత ఓనరు పేరు చెరిపినా ఆనవాలు తెలుస్తూనే ఉంది. అయినా తాళం తనది.

మొదటి లోడు దించిన రోజు ముక్తార్ వచ్చి బండి చుట్టూ తిరిగాడు. టైర్లు చూశాడు. కిందికి వంగి ఇంజను చప్పుడు విన్నాడు.

"లీటరుకి ఎంతిస్తంది?" అన్నాడు. అన్ని నెలల తర్వాత అదే మొదటి మాట.

"పద్దెనిమిది."

"నాది ఇరవై రెండు."

రత్నానికి పాత మంట చురుక్కుమంది. మింగేశాడు. "తప్పయింది బావా" అన్నాడు. ముక్తార్ పాన్ షాపు వైపు రెండు అడుగులు వేసి, రత్నం కదలకపోతే వెనక్కి తిరిగి చూశాడు. రత్నం వెంట నడిచాడు.

"నీ వాయిదా ఏ తేదీ?" అని అడిగాడు రత్నం.

"ఐదు."

ఆ సాయంత్రం రత్నం ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లి తన వాయిదా తేదీని మూడుకి మార్పించుకున్నాడు.