ఖాళీ కాంటా చూపించిన బరువు

దయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆటపట్టించడం నాకు సరదా. నా పని అలాంటిది. యంత్రం తప్పు చూపిస్తే దానికి ప్రోగ్రామ్ రాసిన మనిషినే ముందు అనుమానిస్తాను.

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర పార్సిళ్లు తూచే ఎలక్ట్రానిక్ కాంటాలు తయారుచేసే చిన్న కంపెనీలో నేను ప్రోగ్రామర్‌ని. నాతో పనిచేసే రూతుది దగ్గర్లోని మంఖాల్ ఊరు. కొత్త కాంటాకి ప్రోగ్రామ్ రాసిచ్చి కాన్పుకి వెళ్లింది. పాప దక్కలేదని తర్వాత తెలిసింది. అంతకుమించి మేమెవరం అడగలేదు.

ఆమె సెలవులో ఉండగానే కాంటాలో తేడా బయటపడింది. స్విచ్ వేయగానే, పైన ఏమీ పెట్టకుండానే, కిలో ఎనిమిది వందల నలభై గ్రాములు చూపించేది. రూతు కావాలనే ఏదో ఇరికించి పోయిందని మా సారు అనుమానం. సంగతి తేలకపోతే ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానంగానే ఉంది.

ప్రోగ్రామ్ మొత్తం చదివాను. బరువు దాచే వేరియబుల్‌కి, అంటే మెమరీలో ఆ అంకె ఉండే చోటుకి, మొదటి విలువ ఇవ్వడం రూతు మరిచిపోయింది. అలా వదిలేస్తే మెమరీలో అంతకుముందు ఏ చెత్త మిగిలి ఉంటే అదే కనబడుతుంది.

మరి చెత్త ప్రతిసారీ ఒకే అంకె ఎందుకవుతుంది? ఒక్కోసారి అలానూ జరుగుతుంది, అదీ నాకు తెలుసు. అందుకే మెమరీలో ఆ చోట వేరే అంకెలు నింపి చూశాను. కాంటా లోపలి సర్క్యూట్ బోర్డు మార్చాను. అయినా అదే బరువు. ప్రోగ్రామ్‌లో ఆ అంకె ఎక్కడా లేదు. చిరాకేసింది, కొంచెం భయం కూడా వేసింది.

చివరికి ఆ వేరియబుల్‌కి సున్నా పెట్టాను. కాంటా బుద్ధిగా సున్నా చూపించింది. పొరపాటే తప్ప కుట్రేమీ లేదని చెబితే సారు శాంతించాడు.

రూతు తిరిగొచ్చాక జరిగిందంతా చెప్పాను. అంకె వినగానే నా మొహంలోకి చూసింది.

"గది మా పాప బరువు అన్నా. దవాఖానల తూచిన్రు. ఇంక పేరు గూడ పెట్టలే."

అయినా ఆ అంకె తనే పెట్టిందేమోనన్న అనుమానం నన్ను వదల్లేదు. కానీ ఆమె ప్రోగ్రామ్ ఇచ్చింది పాప పుట్టకముందు. ఆ తర్వాత ఆ ఫైలుని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

"జర ఆ సున్నా తీసెయ్ అన్నా. ఒక్కసారి చూస్త."

తీసేసి స్విచ్ వేశాను. ఏదో పెద్ద అంకె వచ్చింది. ఆపి మళ్లీ వేస్తే ఇంకొకటి. అన్నీ చెత్తే. ఆమె కాంటా ముందే నిలబడి ఉంటే ఎన్నిసార్లు వేశానో. ఆ బరువు మళ్లీ రాలేదు.

ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ సున్నా పెట్టింది నేనే కదా అని మాత్రం బాధగా ఉంటుంది.