నాయినమ్మ పట్టుకున్న చెయ్యి

మొన్న మా మనవరాలు సైన్స్ పుస్తకం ముందటేసుకొని, "అమ్మమ్మా, పరమాణువు ఆటస్థలమంత ఉంటే దాని నడుమ కేంద్రకం బఠాణీ గింజంతేనట, మిగతాదంత ఖాళీయేనట, నీకు తెలుసా?" అని కండ్లు పెద్దగ చేసి అడిగింది. ఫిజిక్స్ టీచర్‌గ రిటైరైనదాన్ని, నాకు తెల్వకేం! కానీ ఆ మాట ఇన్నప్పుడల్ల నాకు పాఠం యాదికి రాదు. కాజీపేటల మా ఇంట్ల, అన్నం పల్లేల ముందర కూసున్న ఒక ఆదివారం యాదికొస్తది.

డెబ్బైల ఆఖర్ల ముచ్చట. మా చిన్నాయిన హన్మకొండల బీఎస్సీ చదువుతాండు. మా ఖాందాన్ల కాలేజి మెట్లెక్కిన మొదటోడు గనుక, పొద్దుగాల ఆయన నేర్చిన పాఠం మాపటికి మా నెత్తిన రుద్దెటోడు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలకు కూసున్నమో లేదో, గోడ మీద దబదబ కొట్టి, ఈ గోడ ఉత్త ఖాళీ, ఈ పల్లెం ఖాళీ, మనం గూడ ఖాళీయే అన్నడు. "నీ నెత్తి సంగతి మాకు ముందే ఎర్క తమ్మీ, జర తిను" అని మా బాపు నవ్విండు. అక్కడితోటి ఆగితే బాగుండు. చిన్నాయినకు జోరెక్కింది. అసలు లోకంల ఏదీ దేన్నీ తాకదట. గోడ మీద చెయ్యి పెడితే చేతిల ఎలక్ట్రాన్లను గోడల ఎలక్ట్రాన్లు దూరం నెడుతయట, నడుమ సన్న సందు ఉండనే ఉంటదట.

పులుసు పోస్తున్న నాయినమ్మ ఆగిపోయింది. "అయితే మీ బాపు చెయ్యి నేను పట్టుకున్ననా, లేదా?" అన్నది.

చిన్నాయిన బాపు, అంటే మా తాత, రైలింజన్ల బొగ్గేసే పని చేసిండు. అంతకు ముందటేడు పక్షవాతమొచ్చి, దవాఖానల మాట లేకుంట పండుకొని, అట్లనే పోయిండు. పోయేదాక నాయినమ్మ ఆ కాయలు కాసిన చెయ్యి ఇడువలే. ఆమెకు మిగిలిందే అది. ఆ సంగతి చిన్నాయినకు తెల్వదా? తెలుసు! అయినా ఆ మహానుభావుడు, "సైన్స్ ప్రకారమైతే లేదమ్మా" అన్నడు.

ఆదివారం అన్నాలైనంక నాయినమ్మ ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఎంత కోపమున్నా ఎవ్వలకూ తప్పని దీవెన అది. ఆనాడు చిన్నాయిన తల వంచుకొని నిలవడితే, ఎత్తిన చెయ్యి ఎనక్కు తీసుకున్నది. "తాకనిది పెడితేంది, పెట్టకుంటేంది బిడ్డా" అన్నది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిన్నాయిన ముఖం మాడిపోయింది. ఆ వారమంత లెక్చరర్ల ఎంబడి పడి అడిగినట్టున్నడు. మళ్ల ఆదివారం చాప మీద ఆమె ముంగట కూసోని, "అమ్మా, నేను సగమే చెప్పిన. ఆ నెట్టుడునే తాకుడంటరు. నువ్వెంత గట్టిగ ఒత్తితే అవతలి చెయ్యి గూడ నిన్ను అంతే గట్టిగ ఒత్తుతది" అన్నడు.

అప్పుడు బయటపడ్డది, ఆమె ఎన్నడూ ఎవ్వలకూ చెప్పని మాట. ఆఖరి దినాలల్ల ఆమె ఎంత ఒత్తినా తాత చెయ్యి కదలనే లేదట. "నేనే పట్టుకున్న, ఆయన నన్ను పట్టుకోలే అనుకున్న బిడ్డా. ఆయన గూడ ఒత్తిండా?"

"ఒత్తిండమ్మా."

నాయినమ్మ మళ్ల అడిగింది. "గోడ గూడ నెడుతదన్నవు గద మొన్న. పాణం లేనిది గూడ అట్లనే ఒత్తుతదా మరి?"

మా పైపాణాలు పైననే పోయినయి. ఒత్తుతది, ఎందుకు ఒత్తదు! చిన్నపిల్లను, నాకే తెలుసు. సైన్స్ కోసం కన్నతల్లి మనసు ఇరగ్గొట్టినోడు ఇప్పుడేమంటడోనని ఆయన దిక్కే చూసినం. చిన్నాయిన ఆమె కండ్లల్లకు చూసుకుంట, "గోడ సంగతి నేను తప్పు చెప్పినమ్మా. పాణమున్న చెయ్యే తిరిగి ఒత్తుతది" అన్నడు. నా చెవులను నేను నమ్మలే. నాయినమ్మ బొటబొట ఏడ్సుకుంట ఆయన నెత్తి మీద రెండు చేతులూ పెట్టింది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. ఏండ్లకేండ్లు నేను పిల్లలకు చర్య, ప్రతిచర్య పాఠం చెప్పిన, గోడ గూడ ఒత్తుతదనే చెప్పిన. కాలం నాతోటి చానా తప్పులు దిద్దించింది గని, నాయినమ్మకు చిన్నాయిన చెప్పిన ఆ ఒక్క తప్పు జోలికి మాత్రం పోనియ్యలే.